డెబియన్ ప్యాకేజీని ఏళ్ల తరబడి చూసుకోవడం ఎలా: మొదటి అప్‌లోడ్ అయ్యాక చేయాల్సిన పని

"ప్యాకేజీ చేశాను, స్పాన్సర్ దొరికాడు, అప్‌లోడ్ అయింది, ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. డెబియన్ ఒక లినక్స్ సిస్టమ్, స్పాన్సర్ అంటే అప్‌లోడ్ హక్కు లేనివాళ్ల ప్యాకేజీని చూసి వాళ్ల తరఫున అప్‌లోడ్ చేసే డెబియన్ డెవలపర్. మొదటి ప్యాకేజీ ఎలా చేయాలో చెప్పే గైడ్లు బోలెడున్నాయి గానీ రెండో అప్‌లోడ్ నుంచి ఇరవయ్యో అప్‌లోడ్ దాకా ఏం చేయాలో వరసగా చెప్పేవి తక్కువ, అందుకే ఇది. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నా, టెర్మినల్లో మామూలుగా ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తోనే కొట్టాలి.

గైడ్ మొత్తం ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. అప్‌స్ట్రీమ్ (ఆ సాఫ్ట్‌వేర్ అసలు రచయితలు) ఇచ్చినదానికీ మనం యూజర్‌కి ఇచ్చేదానికీ మధ్య తేడా వీలైనంత చిన్నగా ఉండాలి, ఉన్న ప్రతి తేడాకీ కారణం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

## 1. ముందు మెషీన్ సర్దుకోండి

మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉన్నా, డెబియన్ స్టేబుల్ ఉన్నా పర్లేదు, బిల్డ్ మాత్రం అన్‌స్టేబుల్ క్రూట్‌లోనే జరగాలి. అన్‌స్టేబుల్ (ఇంకో పేరు సిడ్) అంటే కొత్త అప్‌లోడ్లు ముందుగా చేరే చోటు, అక్కడినుంచి టెస్టింగ్‌కి, చివరికి రిలీజ్ అయిన స్టేబుల్‌కి వెళ్తాయి; క్రూట్ అంటే మీ సిస్టమ్‌తో కలవకుండా ఒక ఫోల్డర్‌లో విడిగా ఉండే డెబియన్. ల్యాప్‌టాప్ మీద నేరుగా బిల్డ్ చేస్తే మీరెప్పుడో ఇంకో పని కోసం వేసుకున్న లైబ్రరీలన్నీ దానికి దొరికిపోతాయి, బిల్డ్-డిపెండ్స్‌లో ఒకటి రాయడం మర్చిపోయినా మీకు తెలీదు, తీరా బిల్డ్ సర్వర్ మీదికి వెళ్లాక అక్కడ ఆగిపోతుంది. ఎస్‌బిల్డ్ ప్రతిసారీ శుభ్రమైన క్రూట్‌తో మొదలుపెడుతుంది కాబట్టి ఈ బాధ ఉండదు.

మొదలుపెట్టే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- సిడ్ క్రూట్‌తో ఎస్‌బిల్డ్, దాన్ని బిల్డ్‌కి ముందు అప్‌డేట్ చేసే అలవాటు
- డెవ్‌స్క్రిప్ట్స్, లింటియన్, గిట్-బిల్డ్‌ప్యాకేజ్, పియూపార్ట్స్, ఆటోపీకేజీటెస్ట్
- సల్సాలో (డెబియన్ గిట్ సర్వర్) గిట్ రెపో. బ్రాంచ్‌లు డెబియన్/లేటెస్ట్, అప్‌స్ట్రీమ్/లేటెస్ట్
- షెల్ సెట్టింగ్స్‌లో మీ పేరు, ఈమెయిల్. చేంజ్‌లాగ్‌లో ఒకసారి ఒక అడ్రస్, ఇంకోసారి ఇంకోటి పడకూడదు
- ప్యాకేజ్ ట్రాకర్‌లో మీ ప్యాకేజీకి సబ్‌స్క్రిప్షన్
- అప్‌స్ట్రీమ్ రిలీజ్ నోటిఫికేషన్లు మీ మెయిల్‌కి

## 2. కొత్త వెర్షన్ సంగతి దానంతటదే తెలిసేలా చేయండి

డెబియన్/వాచ్ ఫైల్ సరిగ్గా ఉంటే యూస్కాన్ కొట్టగానే కొత్త వెర్షన్ ఉందో లేదో చెప్పేస్తుంది. మూడు తప్పులు మాత్రం మళ్లీ మళ్లీ చూస్తుంటా.

ఒకటి, గిట్‌హబ్‌లో రిలీజెస్ పేజీని చూడమనడం. ఆ పేజీ తయారయ్యే తీరు మారితే వాచ్ ఫైల్ ఏమీ దొరకలేదంటుంది, మీరేమో కొత్తది రాలేదనుకుంటారు. ట్యాగ్స్‌ని చూడమంటే నిలకడగా ఉంటుంది.

రెండు, బీటాలు, ఆర్‌సీలు (రిలీజ్ క్యాండిడేట్లు). అప్‌స్ట్రీమ్ 2.0ఆర్‌సీ1 అని ట్యాగ్ పెడితే డెబియన్ లెక్కలో అది 2.0 కంటే పెద్దదైపోతుంది, అందుకే వెర్షన్ మాంగ్లింగ్‌తో దాన్ని 2.0~ఆర్‌సీ1 చేయాలి. టిల్డా (~) ఉంటే ఖాళీ కంటే కూడా ముందుకొస్తుంది, అంటే 2.0~ఆర్‌సీ1 తర్వాత 2.0 సరిగ్గా వస్తుంది.

మూడు, సంతకం. అప్‌స్ట్రీమ్ టార్‌బాల్‌కి (సోర్స్ కోడ్ అంతా కట్టి ఇచ్చే ఫైల్) పీజీపీ సంతకం పెడుతుంటే వాళ్ల పబ్లిక్ కీని డెబియన్/అప్‌స్ట్రీమ్ ఫోల్డర్‌లో పెట్టి యూస్కాన్‌తోనే వెరిఫై చేయించండి.

## 3. ఇంపోర్ట్ చేసే ముందు రెండు టార్‌బాల్స్‌నీ పక్కపక్కన పెట్టి చదవండి

దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. పాతదానికీ కొత్తదానికీ డిఫ్ తీసి కనీసం ఫైళ్ల లిస్ట్ అయినా చూడండి. కోడ్ అంతా చదవమని కాదు, చిన్న ప్యాకేజీ అయితే చదివితే ఇంకా మంచిదే, కానీ వీటి మీద మాత్రం కచ్చితంగా కన్నేయాలి:

- లైసెన్స్ ఫైల్ మారిందా, కొత్త ఫైళ్ల మీద వేరే కాపీరైట్ పేర్లున్నాయా
- వేరే ప్రాజెక్ట్ కోడ్‌ని కాపీ చేసి లోపల పెట్టారా
- సోర్స్ లేకుండా మినిఫై చేసిన జావాస్క్రిప్ట్ గానీ బైనరీ ఫైళ్లు గానీ వచ్చాయా
- బిల్డ్ సిస్టమ్ మారిందా, ఆటోటూల్స్ పోయి మీసాన్ వచ్చిందా
- కొత్త డిపెండెన్సీ ఏదైనా వచ్చిందా, అది డెబియన్‌లో ఉందా
- టార్‌బాల్‌లో ఉండి గిట్ ట్యాగ్‌లో లేని ఫైళ్లేమిటి

చివరి పాయింట్‌కి కారణం ఎక్స్‌జెడ్ (ఫైళ్లని కుదించే టూల్) ఘటన. 2024 మార్చి 29న బయటపడింది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అర సెకను ఎక్కువ తీసుకుంటోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ ఆరా తీస్తే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ ఉందని తేలింది. దాన్ని బిల్డ్‌లోకి లాక్కొచ్చే ఎమ్4 ఫైల్ రిలీజ్ టార్‌బాల్‌లో ఉంది, గిట్ రెపోలో లేదు. డెబియన్ టెస్టింగ్‌కీ అన్‌స్టేబుల్‌కీ అది చేరిపోయింది, స్టేబుల్‌కి చేరలేదు. టార్‌బాల్‌నీ ట్యాగ్‌నీ పోల్చడం పది నిమిషాల పని, తేడాల్లో ఎక్కువ భాగం ఆటోకాన్ఫ్ పుట్టించిన ఫైళ్లే ఉంటాయి, మిగిలిన నాలుగైదు ఎందుకున్నాయో మీకు తెలియాలి.

తర్వాత జీబీపీ (గిట్-బిల్డ్‌ప్యాకేజ్) ఇంపోర్ట్-ఒరిగ్‌ని యూస్కాన్ ఆప్షన్‌తో నడపండి. తీసేయాల్సిన ఫైళ్లుంటే డెబియన్/కాపీరైట్‌లో ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ కింద రాయండి, చేత్తో తీసి మళ్లీ ప్యాక్ చేయొద్దు, వచ్చేసారి ఏం తీశారో గుర్తుండదు.

## 4. ప్యాచ్‌లు: అసలు కష్టం ఇక్కడే

కొత్త వెర్షన్ ఇంపోర్ట్ కాగానే పాత ప్యాచ్‌లు (అప్‌స్ట్రీమ్ కోడ్ మీద మనం చేసుకున్న మార్పులు) ఒక్కోసారి అతుక్కోవు. వరస ఇలా:

1. కొత్త వెర్షన్ ఇంపోర్ట్‌కి ముందే జీబీపీ పీక్యూ ఇంపోర్ట్ నడిపితే ప్యాచ్‌లన్నీ ఒక బ్రాంచ్‌లో కమిట్లుగా మారతాయి, కొత్తది ఇంపోర్ట్ అయ్యాక రీబేస్ చేయండి.
2. ఏదైనా ఆగితే ముందు అప్‌స్ట్రీమ్ దాన్ని తీసుకుందేమో చూడండి. తీసుకుంటే మన ప్యాచ్ తీసేయడమే.
3. తీసుకోకపోతే చుట్టూ కోడ్ ఎందుకు మారిందో అర్థం చేసుకుని తిరగరాయండి. "అతుక్కుంది కదా" అని ఫజ్‌తో (చుట్టుపక్కల లైన్లు పూర్తిగా కలవకపోయినా అతికించడం) వదిలేయొద్దు, ఫజ్‌తో అతుక్కున్న ప్యాచ్ ఒక్కోసారి వేరే ఫంక్షన్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, బిల్డ్ కూడా అవుతుంది.
4. పీక్యూ ఎక్స్‌పోర్ట్ చేసి, డెబియన్/ప్యాచెస్ ఫోల్డర్‌లో డిఫ్ చూసి, కమిట్.

ప్రతి ప్యాచ్‌కీ హెడర్ ఉండాలి. డెప్-3 (డెబియన్‌లో ప్యాచ్ హెడర్లు రాసే పద్ధతి) ప్రకారం ఇలాంటి లైన్లు:

డిస్క్రిప్షన్: ఐ386 మీద రౌండింగ్ టెస్ట్‌ని దాటేయడం, చివరి అంకె తేడా వస్తోంది
బగ్-డెబియన్: బగ్ లింక్
ఫార్వర్డెడ్: అప్‌స్ట్రీమ్ ఇష్యూ లింక్
లాస్ట్-అప్‌డేట్: 2024-11-03

ఈ నాలుగు లైన్లు లేకపోతే ఏమవుతుందో నాకు అనుభవం. ఒక టెస్ట్‌ని ఆపేసే మూడు లైన్ల ప్యాచ్ నేనే పెట్టాను, పేరు "ఫిక్స్-టెస్ట్" అంతే, హెడర్ లేదు. రెండేళ్ల తర్వాత అప్‌స్ట్రీమ్ ఆ టెస్టులన్నీ తిరగరాశారు, ప్యాచ్ అతుక్కోలేదు, అసలెందుకు పెట్టానో గుర్తు లేదు. తీసేశాను, నా మెషీన్లో అన్నీ పాసయ్యాయి, అప్‌లోడ్ చేశాను. మర్నాడు ఐ386 (32-బిట్ పీసీ) బిల్డ్ ఫెయిల్. పాత బిల్డ్ లాగ్‌లు వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆదివారం సాయంత్రానికి తెలిసింది, ఆ ఆర్కిటెక్చర్ మీద ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో చివరి అంకె తేడా వస్తుందని, దానికోసమే ఆ ప్యాచ్ అని. పైన రాసిన హెడర్ ఆ రోజు రాసుకున్నదే.

ఇంతకంటే చాలా పెద్దది ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాచ్. 2006 సెప్టెంబర్‌లో డెబియన్ ప్యాకేజీలో, వాల్‌గ్రిండ్ (మెమరీ తప్పులు వెతికే టూల్) ఇస్తున్న హెచ్చరికలు పోవాలని రెండు లైన్లు కామెంట్ చేశారు. ర్యాండమ్ నంబర్ జనరేటర్‌కి ఎంట్రోపీ అందేది ఆ లైన్ల ద్వారానే. ఆ తర్వాత తయారైన కీలకి ప్రాసెస్ ఐడీ తప్ప ఇంకే ర్యాండమ్‌నెస్సూ మిగల్లేదు, అంటే ఒక్కో రకం కీకి ముప్పై రెండు వేల చిల్లర అవకాశాలు మాత్రమే. 2008 మే 13న అడ్వైజరీ వచ్చేదాకా అది అలాగే ఉంది. మెయింటైనర్ అప్‌స్ట్రీమ్ లిస్ట్‌లో అడిగాడు కూడా, కానీ పూర్తి ప్యాచ్ రివ్యూకి వెళ్లలేదు. అందుకే ప్రవర్తన మార్చే ప్యాచ్ ఏదైనా సరే డిఫ్‌తో సహా అప్‌స్ట్రీమ్‌కి పంపండి, వాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్నది ఫార్వర్డెడ్ లైన్‌లో లింక్‌గా ఉండనివ్వండి. క్రిప్టో కోడ్‌ని వాళ్లు ఒప్పుకోకుండా ముట్టుకోవద్దు.

ఫార్వర్డెడ్: నాట్-నీడెడ్ అని రాయాల్సినవి నిజంగా డెబియన్‌కి మాత్రమే సంబంధించినవి, పాత్‌లు, డాక్యుమెంటేషన్ లొకేషన్లు లాంటివి. ఏడాదికోసారి ప్యాచ్‌ల లిస్ట్ తెరిచి ఎన్ని తగ్గించగలరో చూడండి.

## 5. కంట్రోల్, రూల్స్, కాపీరైట్

ఇవి త్వరగా అయిపోతాయి. స్టాండర్డ్స్-వెర్షన్ (ప్యాకేజీ డెబియన్ పాలసీలో ఏ వెర్షన్‌ని పాటిస్తోందో చెప్పే లైన్) నంబర్ పెంచే ముందు పాలసీ అప్‌గ్రేడింగ్ చెక్‌లిస్ట్ చదవండి, చదవకుండా నంబర్ మాత్రం పెంచితే చూసేవాళ్లని తప్పుదారి పట్టించినట్టే. డెబ్‌హెల్పర్ (ప్యాకేజీ బిల్డ్ చేసే టూల్స్) కంపాట్ లెవల్ మార్చేటప్పుడు ఆ అప్‌లోడ్‌లో ఇంకేం పెద్ద మార్పులు పెట్టొద్దు. కాపీరైట్ ఫైల్‌లో సంవత్సరాలు, కొత్త పేర్లు చేర్చండి.

## 6. వెర్షన్ నంబర్, చేంజ్‌లాగ్

- 1.4.2-1: అప్‌స్ట్రీమ్ 1.4.2, మన మొదటి రివిజన్
- 1.4.2-2: అప్‌స్ట్రీమ్ అదే, మన వైపు మార్పు
- 1.4.2-1.1: వేరేవాళ్లు చేసిన ఎన్ఎమ్‌యూ (మెయింటైనర్ కానివాళ్ల అప్‌లోడ్)
- 1.4.2+డీఎఫ్ఎస్‌జీ-1: ఫ్రీ కాని ఫైళ్లు తీసేసిన టార్‌బాల్

వెనక్కి వెళ్లాల్సి వస్తే ఎపోక్ జోలికి పోవద్దు, ఒకసారి ముందు 1: పెట్టారంటే ఆ ప్యాకేజీ ఉన్నన్నాళ్లూ అది పోదు. ఎక్స్‌జెడ్‌ని వెనక్కి తిప్పినప్పుడు డెబియన్ పెట్టిన నంబర్ 5.6.1+రియల్లీ5.4.5-1. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ ఆప్ట్‌కి (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) అది 5.6.1 కంటే పెద్దది, లోపలున్నది 5.4.5, తర్వాతి రిలీజ్‌తో ఆ తోక ఊడిపోతుంది.

చేంజ్‌లాగ్ గిట్ లాగ్ కాదు. జీబీపీ డీసీహెచ్ తయారు చేసింది డ్రాఫ్ట్ మాత్రమే, దాన్ని చేత్తో సరిదిద్దండి. "ప్యాచ్ తీసేశాం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, "రౌండింగ్ ప్యాచ్ తీసేశాం, అప్‌స్ట్రీమ్ 1.4.2లో కలిపారు" అని రాస్తే మూడేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. బగ్ సరిచేస్తే క్లోజెస్ అని నంబర్ వేయండి, అప్‌లోడ్ ఆమోదం పొందగానే బగ్ దానంతటదే మూసుకుంటుంది. నంబర్‌లో ఒక్క అంకె తప్పితే ఎవరిదో బగ్ మూసుకుపోతుంది, రెండుసార్లు చూడండి.

## 7. బిల్డ్ అయింది అంటే పని అయినట్టు కాదు

వరస మార్చకుండా చేయండి:

1. ఎస్‌బిల్డ్‌తో శుభ్రంగా బిల్డ్.
2. లింటియన్ (ప్యాకేజీలో తప్పులు వెతికే టూల్). ఎర్రర్లు వదలొద్దు, ఓవర్‌రైడ్ పెడితే పక్కన కామెంట్‌లో కారణం.
3. పాత డెబ్‌కీ కొత్త డెబ్‌కీ డెబ్‌డిఫ్. ఏ ఫైల్ మాయమైంది, ఏ డిపెండెన్సీ చేరింది అన్నది ఇక్కడే దొరుకుతుంది.
4. ఆటోపీకేజీటెస్ట్. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని పరీక్షించాలి, సోర్స్ ట్రీని కాదు.
5. పియూపార్ట్స్‌తో ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్, పర్జ్.
6. స్టేబుల్‌లో ఉన్న వెర్షన్ నుంచి కొత్తదానికి అప్‌గ్రేడ్.

ఆరోది ఎందుకంటే చాలామంది యూజర్లు రెండేళ్లకోసారి స్టేబుల్ నుంచి స్టేబుల్‌కి దూకుతారు, మీరు అన్‌స్టేబుల్‌లో మెట్టు మెట్టుగా ఎక్కినవి వాళ్లు ఒక్క అడుగులో ఎక్కుతారు. ఎక్కువగా విరిగేవి రెండు.

ఫైల్ ఒక బైనరీ ప్యాకేజీ నుంచి ఇంకోదానికి మారితే, కొత్తదాంట్లో బ్రేక్స్, రిప్లేసెస్ రెండూ పెట్టాలి, వెర్షన్ చివర టిల్డాతో. లేకపోతే "ఈ ఫైల్ ఇంకో ప్యాకేజీలో కూడా ఉంది" అని డీపీకేజీ మధ్యలో ఆగిపోతుంది.

/ఈటీసీ కింద ఉన్న ఫైల్‌ని అప్‌స్ట్రీమ్ ఎత్తేస్తే, మన ప్యాకేజీలోంచి పోయినా యూజర్ డిస్క్ మీద అలాగే పడి ఉంటుంది, ఒక్కోసారి ప్రోగ్రామ్ దాన్ని ఇంకా చదువుతూనే ఉంటుంది. మెయింట్‌స్క్రిప్ట్ ఫైల్‌లో ఆర్ఎమ్_కాన్ఫ్‌ఫైల్ లైన్ రాయండి. యూజర్ తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన మార్పైతే న్యూస్ ఫైల్‌లో రాయండి, ప్రతి చిన్నదానికీ అందులో రాస్తే ఎవరూ చదవరు.

## 8. లైబ్రరీ అయితే ఇంకొంచెం

మీది ఫాంట్ ప్యాకేజీ అనుకోండి, పోతన2000, వేమన2000 ఉండే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా లాంటిది, ఈ సెక్షన్ వదిలేయొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అలాంటివే మంచివి, మన ఫాంట్లు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో మన కళ్లతో మనమే చూసుకోగలం కూడా.

షేర్డ్ లైబ్రరీ అయితే సోనేమ్ (వేరే ప్రోగ్రాములు లైబ్రరీని గుర్తుపట్టే, వెర్షన్ ఉన్న పేరు) మారిందా అన్నది మొదటి ప్రశ్న. మారితే బైనరీ ప్యాకేజీ పేరు మారుతుంది, కొత్త పేరు కాబట్టి న్యూ క్యూలోకి (కొత్త ప్యాకేజీలని మనుషులు చూసి ఆమోదించే వరస) వెళ్తుంది, అక్కడ ఎన్నాళ్లు పడుతుందో మన చేతిలో లేదు. ముందు ఎక్స్‌పెరిమెంటల్‌కి అప్‌లోడ్ చేసి, మీ లైబ్రరీ మీద ఆధారపడ్డ ప్యాకేజీలన్నీ కొత్తదాంతో బిల్డ్ చేసి, విరిగినవాటికి బగ్‌లు పెట్టి, రిలీజ్ టీమ్‌ని ట్రాన్సిషన్ (ఆ ప్యాకేజీలన్నీ కొత్త లైబ్రరీకి మారడం) స్లాట్ అడిగి, వాళ్లు సరే అన్నాకే అన్‌స్టేబుల్.

సోనేమ్ మారకుండా సింబల్ (లైబ్రరీ బయటికిచ్చే ఫంక్షన్ పేరు లాంటిది) మాయమైతే అది ఇంకా ప్రమాదం. సింబల్స్ ఫైల్ పెట్టుకుంటే బిల్డ్ అప్పుడే ఆగి చెప్తుంది. అలా ఆగినప్పుడు ఫైల్‌లోంచి ఆ లైన్ తీసేసి ముందుకెళ్లొద్దు, అప్‌స్ట్రీమ్‌కి చెప్పి సోనేమ్ పెంచమనండి.

## 9. అప్‌లోడ్, ఆ తర్వాతి వారం

సోర్స్ మాత్రమే అప్‌లోడ్ చేయండి. మీ మెషీన్‌లో బిల్డ్ చేసిన బైనరీలు పెడితే టెస్టింగ్‌కి మైగ్రేట్ కావు. న్యూ క్యూకి వెళ్లేవి మాత్రం బైనరీలతో పంపాలి, అక్కడ ఆమోదం వచ్చాక మళ్లీ ఒక సోర్స్ అప్‌లోడ్.

చేంజ్‌లాగ్‌లో అర్జెన్సీ మీడియం అయితే టెస్టింగ్‌కి వెళ్లే ముందు మామూలుగా 5 రోజులు ఆగుతుంది, ఈలోగా రోజుకోసారి ట్రాకర్ తెరవండి:

- అన్ని ఆర్కిటెక్చర్ల మీదా బిల్డ్ అయిందా
- ఎక్స్‌క్యూజెస్ పేజీలో (టెస్టింగ్‌కి ఎందుకు వెళ్లలేదో చూపించేది) ఏం ఆపుతోంది
- వేరే ప్యాకేజీల టెస్టులు మన వల్ల ఫెయిల్ అవుతున్నాయా
- కొత్త ఆర్‌సీ (ఇక్కడ రిలీజ్-క్రిటికల్, అంటే రిలీజ్‌ని ఆపే) బగ్ వచ్చిందా

శుక్రవారం రాత్రి అప్‌లోడ్ చేసి వారం ఊరెళ్లిపోవద్దు. చూసుకునే తీరిక ఉన్న వారంలోనే పెట్టండి.

ఫ్రీజ్ (రిలీజ్‌కి ముందు మార్పులని మెట్టు మెట్టుగా ఆపడం) తేదీలు క్యాలెండర్‌లో వేసుకోండి. ట్రిక్సీకి (డెబియన్ 13) 2025లో మార్చి 15న ట్రాన్సిషన్ ఫ్రీజ్, ఏప్రిల్ 15న సాఫ్ట్, మే 15న హార్డ్ ఫ్రీజ్ మొదలయ్యాయి, ఆగస్టు 9న రిలీజ్ అయింది. హార్డ్ ఫ్రీజ్‌కి వారం ముందు కొత్త అప్‌స్ట్రీమ్ వెర్షన్ తోయడం అంటే మీ యూజర్లు రెండేళ్ల పాటు పరీక్షించని వెర్షన్‌తో ఉండాల్సి రావచ్చు.

## 10. బగ్‌లు

వారానికి అరగంట కేటాయించండి, రోజూ పది నిమిషాలు అనుకుంటే సాగదు. కొత్త బగ్ రాగానే చేయాల్సింది సరిచేయడం కాదు, జవాబివ్వడం. మీ క్రూట్‌లో వస్తోందా చూసి, వస్తే కన్‌ఫర్మ్‌డ్, వివరాలు చాలకపోతే మోర్‌ఇన్ఫో, అప్‌స్ట్రీమ్‌ది అయితే అక్కడ ఇష్యూ పెట్టి ఫార్వర్డెడ్ అని మార్క్ చేయండి. యూజర్‌నే "అప్‌స్ట్రీమ్‌లో చెప్పుకో" అనడం బాగోదు, ఆ మధ్యవర్తిత్వం మన పనే.

జవాబు రాసేటప్పుడు బగ్ నంబర్ అడ్రస్‌తో పాటు రిపోర్ట్ చేసిన మనిషి అడ్రస్ కూడా పెట్టండి. అప్పుడు ఆ మెయిల్ అవతలివాళ్లకి చేరిందో లేదో అన్న అనుమానం ఉండదు.

సీరియస్, గ్రేవ్, క్రిటికల్ అన్నవి ఆర్‌సీ బగ్‌లు, వదిలేస్తే ప్యాకేజీ టెస్టింగ్ నుంచి పోతుంది. వీటిలో ఎక్కువ వచ్చేవి బిల్డ్ ఫెయిల్యూర్లు, మీరేం మార్చకపోయినా కంపైలర్ మారితే వస్తాయి. జీసీసీ 14 డిక్లేర్ చేయని ఫంక్షన్ల వాడకాన్ని హెచ్చరిక నుంచి ఎర్రర్‌కి మార్చింది, జీసీసీ 15లో సీ భాష డిఫాల్ట్ సీ23 అయింది, రెండుసార్లూ పాత సీ కోడ్ చాలా విరిగింది. హెచ్చరిక ఆపే ఫ్లాగ్ పెట్టి బయటపడటం తేలికే గానీ కోడ్ సరిచేసి అప్‌స్ట్రీమ్‌కి పంపండి, ఫ్లాగ్ పెడితే ఇంకో కంపైలర్‌కి మళ్లీ ఇదే పని.

## 11. స్టేబుల్‌లో ఉన్న యూజర్లు

స్టేబుల్‌కి కొత్త వెర్షన్ వెళ్లదు, సరిచేసిన ఆ ఒక్క ముక్క వెళ్తుంది. అప్‌స్ట్రీమ్ కమిట్‌లోంచి అవసరమైన మార్పు మాత్రమే తీసి, స్టేబుల్ క్రూట్‌లో బిల్డ్ చేసి, వెర్షన్ చివర +డెబ్13యూ1 పెట్టి, డెబ్‌డిఫ్‌తో రిలీజ్ టీమ్‌కి బగ్ రాయాలి, వాళ్లు ఒప్పుకున్నాకే అప్‌లోడ్. పెద్ద సెక్యూరిటీ సమస్య అయితే ముందు సెక్యూరిటీ టీమ్‌కి మెయిల్. అదే బగ్ అన్‌స్టేబుల్‌లో ముందే సరై ఉండాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు.

యూజర్లకి కొత్త ఫీచర్లే కావాలంటే బ్యాక్‌పోర్ట్స్ ఉంది, వెర్షన్‌కి ~బీపీఓ13+1 తగిలించి టెస్టింగ్‌లో ఉన్నదాన్ని అక్కడ పెట్టండి. ఒకసారి పెట్టాక దాన్నీ అప్‌డేట్ చేస్తూ ఉండాలి, అందుకు సిద్ధమైతేనే మొదలుపెట్టండి.

## 12. తీరిక లేనప్పుడు

ఉద్యోగం మారుతుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటారు, ఆరు నెలలు ల్యాప్‌టాప్ తెరవలేకపోవచ్చు. అప్పుడు ప్యాకేజీ మీద పేరు అలాగే ఉంచి మౌనంగా ఉండటం ఒక్కటే తప్పు. సాయం కావాలంటే ఆర్ఎఫ్‌హెచ్, ఎవరైనా తీసుకుంటే ఇద్దామనుకుంటే ఆర్ఎఫ్ఏ, ఇక చూడలేనంటే ఓ అని బగ్ పెట్టండి. వీలైతే మొదటి నుంచే ఏదో ఒక టీమ్ కింద పెట్టండి, మీరు లేనప్పుడు అనుమతి అడగకుండానే ఎవరో ఒకరు అప్‌లోడ్ చేయగలుగుతారు.

అప్పగించే ముందు:

- సల్సాలో ఉన్నది, ఆర్కైవ్‌లో ఉన్నది ఒకటేనా
- ప్రతి ప్యాచ్‌కీ హెడర్ ఉందా
- రీడ్‌మీ.సోర్స్‌లో వింత విషయాలు రాశారా: ఏ ఫైల్ ఎందుకు తీసేస్తున్నాం, ఏ టెస్ట్ ఏ ఆర్కిటెక్చర్ మీద సతాయిస్తుంది, అప్‌స్ట్రీమ్‌ని ఎక్కడ పట్టుకుంటే జవాబిస్తారు
- సగంలో ఉన్న బగ్‌లకి మీరు ఎంతవరకు చూశారో ఒక్కో మెయిల్
- రెపోలో కొత్తవాళ్లకి మెయింటైనర్ హక్కులు ఇచ్చారా

తీసుకున్నవాళ్ల మొదటి అప్‌లోడ్‌కి పక్కనుండి డెబ్‌డిఫ్ ఒకసారి చదివి పెట్టండి.